గోదావరిఖనిలో చపాతీ కర్ర పాఠం

పోయిన టపా కింద నా మనవరాలు స్ఫూర్తి, "నానమ్మా, పరిశీలన అంటే కళ్లు తెరిచి చూడడమే కదా" అని రాసింది. కాదమ్మా. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాని మనవరాలివి, నా పరువేం కావాలి? చూడడం ఒక రకం. కొలిచి రాసుకోవడం ఇంకో రకం. ఒకే చోటును రోజుల తరబడి కనిపెట్టుకుని ఉండడం మరొకటి. ఇవి పిల్లలకు నేను చెప్పినవే. నేను చెప్పనిది ఇంకోటుందని మొన్ననే తెలిసింది.

గోదావరిఖనిలో నా ఆడబిడ్డ రాజేశ్వరి ఒక్కతే ఉంటుంది. వెనక గది కప్పు పగిలిందని ఫోన్లో చెప్పి, "సున్నం కొట్టించిన వదినె, ఇప్పుడేం కనపడ్తలేదు" అంది. ఆ పగులు కిందే ఆమె మంచం. అందుకే బయల్దేరాను.

కరీంనగర్లో పొద్దున ఆరున్నరకు బస్సెక్కాను. వేసవిలో అంతకంటే ఆలస్యం చేయకండి, ఆ ఎండ మనిషిని వేపుతుంది. రెండు గంటల్లోపే దిగి, ఇరవై రూపాయలిచ్చి షేరాటో ఎక్కాను.

"పాత క్వార్టర్ల వెనకకా? ఆడ ఇంక ఎవలున్నరవ్వా?" అన్నాడు డ్రైవరు.

"మా ఆడబిడ్డను లెక్కలోకి తీసుకుంటే ఒకరున్నట్టే, బిడ్డా."

దారిలో షిఫ్టు సైరన్ మోగింది. ఒకప్పుడు ఆ మోతకు మా ఆయన టిఫిన్ డబ్బా చేతికిచ్చేదాన్ని. బొగ్గుబాయిలో కప్పు గట్టిదో కాదో తట్టి చూసి చూసి, ఆయనకు ఇంటి దగ్గర కూడా అదే అలవాటు. కుండ, పుచ్చకాయ, పెళ్లిచూపులకు వెళ్తే వాళ్ల గోడ, అన్నీ తట్టేవాడు. "ఇదేం సైన్సు" అని నవ్వేదాన్ని.

రాజేశ్వరి గది తెల్లగా మెరుస్తోంది. నేను టార్చి వేసి వెతికాను, ఏమీ కనిపించలేదు. ఇంతలో మా ఆయనతో బాయిలో పనిచేసిన ఓదెలు వచ్చి, కప్పు తట్టి చూస్తానన్నాడు. డెబ్బై దాటాయి, చెవి మిషన్ ఉంది, అందులో బ్యాటరీ అయిపోయింది.

"చెవులు వినపడనోడు తట్టి ఏం చెప్తడు?" అని రాజేశ్వరి గొణిగింది. నాకూ అదే అనుమానం.

"మంచం జరుపుండ్రి. బల్ల గిటు తేండ్రి. ఏదన్న కర్ర ఉన్నదా?"

ఉన్నది చపాతీ కర్రే. ఓదెలు బల్లెక్కాడు, మేమిద్దరం చెరో పక్క పట్టుకున్నాం. ఆయన ఎడమ అరచేతిని కప్పుకు ఆనించి, కుడిచేత్తో తట్టసాగాడు. తట్టడం, జరగడం, తట్టడం. ఒకచోట ఆగాడు.

"టీచరక్కా, గిది డొల్ల."

"వినపడిందా?"

"చెవి పోతే ఏంది? అరచెయ్యికి వణుకు తెలుస్తది గద. అన్న నేర్పిందే. బాయిల గంత మోతల చెవినొక్కదాన్నే ఎట్ల నమ్ముతం?"

మమ్మల్ని పక్కకు తప్పుకోమని, తనూ దిగి, గోడకున్న బూజు కర్రతో అక్కడ గట్టిగా పొడిచాడు. పళ్లెమంత పెచ్చు ఊడి, ఇందాక రాజేశ్వరి దిండు ఉన్నచోట పడి ముక్కలైంది. తర్వాత రాజేశ్వరే మంచం ముందు గదిలోకి ఈడ్చింది.

మా ఆయన కుండ కొనేటప్పుడు కూడా ఒక అరచేయి దాని పొట్టకు ఆనించి తట్టేవాడు. అన్నేళ్లు ఆ తట్టే చేతినే చూశాను, ఆనించిన చేతిని చూడలేదు. పరిశీలన గురించి పాఠాలు చెప్పిన మనిషిని మరి! ఇప్పుడు ఆ మాట ఒప్పుకుందామంటే వినడానికి ఆయన లేడు. పాత ఇల్లు చూడటానికి వెళ్లేవాళ్లు మాత్రం సున్నాన్ని నమ్మకండి, తట్టగలిగినవాళ్లను వెంట తీసుకెళ్లండి.

స్ఫూర్తీ, శనివారం నువ్వు అక్కడికి వెళ్తావు కదా. ఓదెలు తాత చెవి మిషన్‌కు బ్యాటరీలు కొను. పాతది ఆయన్నడిగి జేబులో వేసుకుని, దుకాణంలో పక్కన పెట్టి పోల్చి మరీ తీసుకో. రాజేశ్వరికి కొత్త చపాతీ కర్ర కూడా. పాతది ఓదెలు తీసుకుపోయాడు.