అవ్వ చెల్లెలి నంబరు

నేను మెడిసిన్ చదివిన ఊరు బెలారస్‌లో, ఉక్రెయిన్ సరిహద్దుకు దగ్గర. అద్దెకున్న ఇంటావిడను అవ్వా అని పిలిచేదాన్ని. ఆమెకు నేనూ, సరిహద్దు అవతల కాపురమున్న చెల్లెలూ తప్ప ఎవరూ లేరు. మాట్లాడింది రష్యనే అయినా నాకు ఆమె మాటలన్నీ మా ఊరు ఐరాల యాసలోనే గుర్తున్నాయి. ఏం చేయను, ప్రేమగా తిట్టేవాళ్ళందరూ నాకు మా ఊరివాళ్ళే.

ఒక చలికాలం విన్యాసాల కోసమని రష్యా సైనికులు లారీల్లో వచ్చి మా వీధి చివర దిగారు. ఇంకా మీసాలైనా సరిగా రాని పిల్లకాయలు.

"సలికి వణికి సస్తా ఉండారు పాపా, ఆ టీ పట్టుకో," అంటూ అవ్వ తను ఊరేసిన దోసకాయల జాడీ ఎత్తుకుంది. వీధి వీధంతా అదే పని. కొద్దిరోజులకు ఆ లారీలే సరిహద్దు దాటాయి. ఆ వారంలోనే చెల్లెలి ఊరి మీద బాంబులు పడ్డాయి.

చెల్లెలు ఒక్కసారి ఫోన్ చేసింది. "మీ ఊరి మీద్నే వచ్చినారంట. వాళ్ళకు నువ్వేమన్నా పెట్టినావా?"

అవ్వకు అబద్ధం చేతకాదు. "పెట్టినా," అంది.

చెల్లెలు ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత అవ్వ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

పెద్ద దేశం అడిగిందని చిన్న దేశం దారిచ్చింది. అవ్వ దోసకాయలిచ్చింది. రెండూ ఒకటేనా? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాయనకు చెబితే, "ఇంటి ముందర నిలబడి వణుకుతా ఉంటే పెట్టకుండా ఎట్లుంటారు మ్మా?" అన్నాడు.

ఇప్పుడు తిరుచానూరులో ఒంటిగదిలో ఉండి, ఇక్కడి డాక్టరు పరీక్షకు చదువుతున్నాను. కింద పూలమ్మేవాళ్ళు దారిన పోయేవాళ్ళందర్నీ పిలుస్తారు, ఎప్పుడూ కొనని నన్ను తప్ప. ఆదివారం మాత్రం అవ్వ ఫోన్ చేస్తుంది. మొన్నొకసారి అడిగింది.

"నా నంబరు సూస్తే ఎత్తదు పాపా. నీ ఇండియా నంబరు నుంచి చేసి, బతికుండాదా అని మాత్రం కనుక్కో."

చేశాను. ఎత్తింది. ఎవరి తరఫున చేస్తున్నానో చెప్పాను.

"బతికే ఉండానని చెప్పు. ఇంక నాకు సెయ్యొద్దని కూడా చెప్పు."

మొదటి మాట అవ్వకు చెప్పాను. ఏడ్చింది, నవ్వింది, చెల్లెల్ని మొండిదని తిట్టింది.

"ఇంకేమనింది?"

"లైను కట్టయిపోయిందవ్వా."

అప్పటినుంచి ప్రతి ఆదివారం దానికి మళ్ళీ చేసినావా అని అడుగుతుంది, లైను దొరకలేదని అబద్ధం చెబుతాను. ఫోన్ పెట్టేశాక గదిలో ఉండలేను.

నిన్న కూడా లైను దొరకలేదనే చెప్పాను.

"కానీలే పాపా, వచ్చే వారం చెయ్యి," అంది అవ్వ. "ఈ యేడు దోసకాయలు దానికనే ఊరేసినా. ఎవురికీ పెట్టలేదని చెప్పు."