రంగం నుంచి వచ్చిన జవాబు

చీపురుపల్లికీ గరివిడికీ మధ్య, రైలు కట్ట పక్కనున్న ఊళ్ళో దాలమ్మ మూరీలు, అంటే మరమరాలు, వేయించి అమ్మేది. బాప్తిస్మంలో ఆమెకు రాహేలని పేరు పెట్టారు కాని ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. వడ్లు ఉడకబెట్టి, ఆరబెట్టి, దంచి, ఆ బియ్యాన్ని కాగిన ఇసకలో వేస్తే మూరీలు పొంగుతాయి. కట్టెలు తడిగా ఉండి పొయ్యి రాజుకోకపోతే ప్రార్థన చేసేది. రాజుకుంటే స్తోత్రం అనేది. రాజుకోకపోతే ఇంకో పుల్ల గీసేది.

ఊళ్ళో చిన్న బాప్టిస్టు మందిరం ఉండేది. అక్కడికి వచ్చేవాళ్ళూ, రానివాళ్ళూ కూడా ఆమె చేత ప్రార్థన చేయించుకునేవారు. మేక తప్పిపోయినా, చంటిపిల్లకు జ్వరంతో ఒళ్ళు కాలినా దాలమ్మకు కబురు వెళ్ళేది. అడిగినవి కొన్ని జరిగేవి, కొన్ని జరిగేవి కావు. జరిగినవాటిని జనం చెప్పుకునేవారు. జరగనివాటి మాట ఎవరూ ఎత్తేవారు కారు.

ఆమె ప్రార్థనల్లో ఊరందరికీ తెలిసినది ఒకటుంది. ఆమె భర్త సత్యరాజు పెళ్ళైన మరుసటి ఏడే రంగం వెళ్ళాడు. రంగూన్ను ఆ వైపు వాళ్ళు రంగమనే అంటారు. పంట పోతే ఓడెక్కి రంగం వెళ్ళడం, అక్కడి రేవులోనో బియ్యం మిల్లులోనో మోతపని చేసి రెండు మూడేళ్ళకు తిరిగి రావడం అప్పట్లో మామూలే. సత్యరాజు వెళ్ళిన కొన్నాళ్ళకు యుద్ధం అక్కడికి చేరింది. జపాను వాళ్ళు రంగం మీద బాంబులు వేశారు. అడవులూ కొండలూ పడి నడిచి కొందరు ఇల్లు చేరారు. సత్యరాజు చేరలేదు. చనిపోయాడని చెప్పినవాళ్ళు లేరు, కళ్ళారా చూశామన్నవాళ్ళూ లేరు.

కొన్నేళ్ళు చూసి దాలమ్మ వాళ్ళ అన్న ఆమెకు మారుమనువు కుదర్చబోయాడు. అప్పటి పాస్టరు కూడా తప్పు లేదన్నారు. ఆమె ఒప్పుకోలేదు. దేవుణ్ణి అడిగానని, ఇస్తాడని మాత్రం చెప్పింది. ప్రతి బుధవారం ప్రార్థన కూటంలో లేచి, సత్యరాజును ప్రాణంతో చూపించమని అడిగేది. మొదట్లో ఆడవాళ్ళు ఆమెతోపాటు ఏడ్చేవారు. తర్వాత ఊరికే వినేవారు. పోనుపోను, ఆమె లేచినప్పుడే చాపలు చుట్టడం మొదలుపెట్టేవారు.

అబ్రహాం గారు బొబ్బిలి నుంచి పాస్టరుగా వచ్చాక ఆ ప్రార్థనకు మళ్ళీ గౌరవం కలిగింది. విశ్వాసం అంటే ఏమిటో తెలియకపోతే దాలమ్మను చూడండని ఆయన ప్రసంగాల్లో చెప్పేవారు. ఆ మాట వచ్చినప్పుడల్లా దాలమ్మ తల వంచుకుని కొంగు సర్దుకునేది.

పందొమ్మిది వందల అరవై ఏడులో పక్క ఊరి గంగులు రంగం నుంచి వచ్చేశాడు. అక్కడ మనవాళ్ళకు బతుకుతెరువు లేకుండా పోయి, కుటుంబాలకు కుటుంబాలు ఓడల్లో విశాఖపట్నం చేరుతున్న రోజులవి. గంగులు మూరీలు కొనడానికన్నట్టు వచ్చి, సత్యరాజు బతికే ఉన్నాడని, తర్వాతి ఓడకు వస్తున్నాడని చెప్పాడు. ఇంకేదో చెప్పబోయాడు కాని దాలమ్మ వినలేదు. పొయ్యి మీద వాయి అలాగే వదిలేసి మందిరానికి పరుగెత్తింది.

అబ్రహాం గారు ఆదివారం ఆ సంగతి ప్రకటించారు. మనిషి వచ్చిన మరుసటి ఆదివారమే కృతజ్ఞతా కూటం పెడదామన్నారు. ఓడ వచ్చిందని, ఫలానా రోజు పాసింజరులో దిగుతాడని కబురు రాగానే సంఘమంతా చీపురుపల్లి స్టేషనుకు వెళ్ళింది. బంతిపూల దండ పాస్టరు గారి చేతిలో ఉంది. కంజీరలు పట్టుకున్నవాళ్ళు పాట అందుకున్నారు.

రైలు పెట్టెలోంచి నెరిసిన జుట్టుతో ఒక మనిషి రేకు పెట్టె దింపుకుని దిగాడు. దాలమ్మ అతన్ని నడకను బట్టి గుర్తుపట్టింది. అతను వెనక్కి తిరిగి పన్నెండేళ్ళ పిల్లను దించాడు. తర్వాత ఒక ఆడమనిషికి చెయ్యి అందించాడు. ఆమె లుంగీ కట్టుకుని ఉంది, చెంపల మీద ఏదో పచ్చటి గంధం పూసుకుంది. పాట చరణం మధ్యలో ఆగిపోయింది.

"ఎవులీవిడ?" అని దాలమ్మ అడిగింది.

సత్యరాజు పిల్లను దగ్గరకు లాక్కున్నాడు. "నా ఇంటిదే, దాలీ," అన్నాడు.

ఆమె పేరు ‘మా సేన్’ అని, బర్మా మనిషని, పిల్ల వాళ్ళ కూతురని, అంతకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని అతనే మెల్లగా చెప్పాడు. దండ పాస్టరు గారి చేతిలోనే ఉండిపోయింది. దాలమ్మ రేకు పెట్టెకు ఒక పక్క పట్టుకుంది. మా సేన్ రెండో పక్క పట్టుకుంది. అలా ఊరు చేరారు.

ఆ పూట దాలమ్మ వంట చేసి తల్లీకూతుళ్ళకు వడ్డించింది. సత్యరాజు ముందు కంచం పెట్టింది గాని వడ్డించలేదు. అతనే పెట్టుకుని తిన్నాడు. ఆడవాళ్ళు ముగ్గురికీ లోపల పక్కలు వేసి, అతనికి అరుగు చూపించింది. అతను మంచం పట్టేదాకా ఆ ఏర్పాటు మారలేదు.

మర్నాడు అబ్రహాం గారు వచ్చారు. ఆయనకు నిజంగానే దిక్కు తోచలేదు. మందిరంలో పెళ్ళైన మనిషి ఇంకొకామెను తెచ్చుకుంటే, ఆ రాకకు దేవుడికి స్తోత్రం ఎలా చెప్పమన్నారు? కూటం ఇప్పటికి ఆపుదామని, ఇది దేవుడిచ్చిన జవాబో కాదో తెలియడం లేదని అన్నారు.

"పాపం ఈడిది, అయ్యగారూ," అంది దాలమ్మ. "మనిషిని మాత్రం ఆయనే ఇచ్చినాడు. కూటం పెట్టండి."

శనివారం దాకా ఆమె సత్యరాజును ఏమీ అడగలేదు. ఆ రోజు ఇసక జల్లిస్తూ, ఏం జరిగిందో చెప్పమంది. అతను చెప్పాడు. బాంబులు పడ్డాక జనంతో కలిసి ఉత్తరానికి నడిచాడు. దారిలో చలిజ్వరం వచ్చి పడిపోతే తోటివాళ్ళు వదిలేసి వెళ్ళిపోయారు. ఒక బర్మా కుటుంబం బండిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయింది. మా సేన్ అప్పటికి పడుచుపిల్ల. నెలల తరబడి గంజి తాగించి అతన్ని బతికించింది. యుద్ధం అయ్యాక ఓడలు మళ్ళీ తిరిగాయి. వద్దామనే అనుకున్నాడు. కాని అప్పటికే ఆమెతో కాపురం ఉంది. కబురు పంపడానికి మొదట సిగ్గు అడ్డొచ్చింది, తర్వాత ఆలస్యమైపోయింది. అతను ఇదంతా ఏడవకుండా, తనను సమర్థించుకోకుండా చెప్పాడు. దాలమ్మ విని, జల్లెడ దులిపి లేచిపోయింది.

ఆదివారం మందిరం నిండిపోయింది. సగంమంది ఏం జరుగుతుందో చూడడానికి వచ్చినవాళ్ళే. సత్యరాజు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మా సేన్ ఆడవాళ్ళ వెనక కూర్చుంది. దాలమ్మ లేచి మాట్లాడింది.

"నాను ఇన్నేళ్ళు నా పెనిమిటిని సూపించమని మీ ముందర అడిగినాను. సూపించినాడు. ఇంకో మాట ఉన్నాది, అది ఎవులికీ సెప్పనేదు. ఆ బాంబుల ఏడు, నాకు నిద్దర పట్టక అడిగినాను. దేవుడా, ఆడికి జొరమొస్తే దగ్గిరుండడానికి నాకు ఈలు నేదు. నీల్లియ్యడానికి మంచం కాడ ఎవులినైనా పెట్టు అని." ఆమె వెనక్కి తిరిగి చూసింది. "పెట్టినాడు. ఈవిడే. నాకు సంతోసంగా నేదు. అయినా అడిగింది నానే. స్తోత్రం."

ఆమె కూర్చుంది. ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అబ్రహాం గారే ముందు అన్నారు. తర్వాత మిగతావాళ్ళు అన్నారు. తన గురించి ఏదో మాట్లాడారని మా సేన్‌కు అర్థమైంది గాని ఏమిటో తెలియలేదు. అందరూ చూస్తుంటే చేతులు జోడించింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు దాలమ్మ ఎవరి కోసమూ ప్రార్థన చేయలేదు. పక్కింటి అసిరమ్మ మనవడికి జ్వరమని వస్తే, "ఇప్పుడు కాదప్పా. నాకు ఆయన మీద కోపంగా ఉన్నాది. తగ్గినాక సేస్తాను," అంది. అసిరమ్మ తెల్లబోయి వెళ్ళిపోయింది. పిల్లాడికి రెండు రోజుల్లో జ్వరం తగ్గింది. ఆ సంగతి విని దాలమ్మ చాలా రోజుల తర్వాత నవ్విందని అసిరమ్మే అందరికీ చెప్పింది. తర్వాతి బుధవారం ఆమె మళ్ళీ కూటానికి వెళ్ళింది.

సత్యరాజుకు గరివిడిలో ఫ్యాక్టరీ దగ్గర కాపలా పని దొరికింది. పాస్టరు గారు అతనికి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం ఇవ్వలేదు. అతనూ అడగలేదు. ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ మూరీల పని పంచుకున్నారు. ఉప్పు దగ్గర, కట్టెల దగ్గర పోట్లాడుకునేవారు. మా సేన్‌కు తెలుగు ముందు తిట్లతోనే వచ్చింది. పిల్లను దాలమ్మ మిషన్ బడిలో చేర్పించింది. ఊరివాళ్ళు ఈ ఇంటి గురించి కొంతకాలం చెప్పుకుని, తర్వాత మానేశారు.

అరవై తొమ్మిది వానాకాలంలో సత్యరాజుకు ఊపిరితిత్తులు చెడ్డాయి. విజయనగరం పెద్దాసుపత్రిలో చూపించి ఇంటికి తెచ్చారు. దాలమ్మ అతన్ని లోపలికి రానిచ్చి మంచం వేసింది. అతను బతకాలని గట్టిగా, పైకే ప్రార్థన చేసింది. మా సేన్ మోకాళ్ళు మడిచి కూర్చుని తన భాషలో తన ప్రార్థన చేసుకుంది. ఇద్దరూ వంతులవారీగా గంజి తాగించారు. నెల తిరక్కుండానే అతను చనిపోయాడు. అబ్రహాం గారే వచ్చి సమాధి చేయించారు. ఏ వాక్యం చదవాలో ఆయన దాలమ్మను అడిగారు. మీకు తోచింది చదవండని ఆమె అంది.

తర్వాత వచ్చిన బుధవారం ఆమె కూటంలో మామూలు చోటే కూర్చుంది. ఆమె వంతు వచ్చేసరికి అందరూ సద్దు చేయకుండా విన్నారు. ముసురు పట్టి ఉడకబెట్టిన వడ్లు బూజు పట్టేలా ఉన్నాయని, ఒక్క పూట ఎండ ఇమ్మని ఆమె అడిగింది. ఎండ శుక్రవారం మధ్యాహ్నానికి గాని రాలేదు. దాలమ్మ, మా సేన్ కలిసి వడ్లు బయట పరిచారు.