సుంకరమెట్ట మలుపులో షాకిల్ బుష్‌లు

పాడేరు జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది, వానలు వెనకబట్టే వేళకి, నన్ను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌గా అరకు వైపు వేశారు. అదే నా చివరి పోస్టింగు. కాగితాల మీద మేం ఎం.వి.ఐ.లం. జనం నోట మాత్రం బ్రేకు ఇన్‌స్పెక్టర్లం. నా నోటికి జడిసి ఏజెంట్లు నా బల్ల దగ్గరికి రావడం ఎప్పుడో మానేశారు. నాకూ అదే హాయిగా ఉండేది.

టాక్సీగా తిరిగే పాత బండి ఏటేటా మా ముందుకు రావాలి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటాం. దీపాలు, టైర్లు, స్టీరింగ్‌లో వదులు చూస్తాం. కాస్త దూరం నడిపించి బ్రేకు కొట్టిస్తాం. అన్నీ కుదిరితే ఎఫ్.సి. ఇస్తాం, అంటే బండి రోడ్డుకి పనికొస్తుందని మా పూచీ. లేకపోతే బండి షెడ్డులోనే ఉండాలి.

పాంగి లింగన్న అంబాసిడర్‌కి నలభై ఏళ్ళు దాటాయి. మంచు పడే నెలల్లో ఊళ్ళు చూడవచ్చినవాళ్ళు ముచ్చటపడి ఎక్కేవారు. మిగతా కాలం సంత జనాన్ని మోసేది. అతని ఇల్లు దాని మీదే గడిచేది. మొదటిసారి చూసినప్పుడే నేను ఫెయిల్ చేశాను. వెనక కమాను కట్ట కొసను చాసిస్‌కి తగిలించే పట్టీని షాకిల్ అంటారు. అందులో ఉండే రబ్బరు బుష్‌లు బీటలు వారి రాలిపోతున్నాయి. మార్చుకుని రమ్మన్నాను. ఈసారీ తప్పితే సీజను పోయినట్టే, బండిని తుక్కుకి ఇచ్చేయడమేనని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

అసలు కంపెనీ బుష్‌లు ఇప్పుడు దొరకవు. విశాఖ నుంచి బయటి తయారీవి రెండు జతలు తెచ్చాడు. కొండ దిగి ఏది కొన్నా రెండేసి కొనడం ఏజెన్సీలో అందరికీ అలవాటే. ఒక జత తనే బిగించుకుని వచ్చాడు. ఆఫీసు పక్క మైదానంలో బండి చక్కగా నడిచింది. ఇంకొకరైతే అక్కడే సంతకం పెట్టేవారు. కొండ బండిని కొండ మీదే చూడాలన్నది నా పట్టుదల. సుంకరమెట్ట దాకా దిగి తిరిగి ఎక్కుదాం పద అన్నాను.

దిగేటప్పుడు ఏ చప్పుడూ లేదు. వెనక్కి తిరిగాక రోడ్డు పక్కన ముగ్గురు ఆడవాళ్ళు మిరియాల మూటలతో నిలబడి ఉన్నారు. లింగన్న బండి ఆపేశాడు. పరీక్షలో ఉన్న బండిలో ఎవరినీ ఎక్కించకూడదని కసిరాను. వాళ్ళలో పెద్దావిడ పేరు సుక్రి. నా మాట పూర్తయ్యేలోపే ఆవిడ మూటతో సహా వెనక సీట్లో కూర్చుంది.

"సంత రోజున మనిసిని రోడ్డు మీద ఒగ్గీడం ఈ కొండల్లో లేదు మేడమ్," అన్నాడు లింగన్న. నిండు బండి ఎలా నడుస్తుందో చూడొచ్చులే అనుకుని నేనూ ఊరుకున్నాను.

రెండో మలుపులో వెనక నుంచి ఇనుము ఇనుముకి కొట్టుకున్న చప్పుడొచ్చింది. బండి వెనక భాగం లోయ వైపుకి ఒక్క ఊపు ఊగింది. ఇంజను ఆగిపోయింది. బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. లింగన్న బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి, స్టీరింగ్ తిప్పి వెనక చక్రాన్ని కొండ వైపు కాలవ గట్టుకి ఆనించాడు. అప్పటికి బండి నిలిచింది.

చక్రాలకి రాళ్ళు పెట్టి వంగి చూశాం. కుడి షాకిల్ బుష్ రెండు ముక్కలైంది. డూప్లికేటు సామాను అంటగట్టారని లింగన్న దుకాణం వాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. నేను ఎడమ వైపు చూశాను. అది ఇంకా చిరగలేదు కానీ పిండిన గుడ్డలా మెలి తిరిగి ఉంది. సామాను మంచిదే, బిగించడమే తప్పు. షాకిల్ నట్టును బండి తన బరువుతో చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే బిగుసుకుంటుంది. తర్వాత బరువు పడ్డ ప్రతిసారీ మెలిపడి చివరికి తెగుతుంది. ఖాళీ బండిలో అది బయటపడదు.

దుంగల మీద ఎత్తి ఉండగానే బిగించావా అని అడిగాను. అవునన్నాడు. ఆ మాత్రం తెలీదా అని గట్టిగానే అన్నాను. అతను నా వైపు చూడకుండా జవాబిచ్చాడు.

"తెలుసు మేడమ్. సక్రాలు నేల మీదుండగా మాం బండి కిందకి దూరం. మా అన్న దూరినాడు. ఆ జీపుకీ రాళ్ళెట్టాం, హేండ్ బ్రేకూ ఏసాం."

ఆ జీపు జారి అన్న ప్రాణం తీసిందని నాకు అర్థమైంది. అప్పటినుంచి వాళ్ళ షెడ్డులో అందరూ ఒకే నియమం పాటిస్తారని చెప్పాడు. దుంగల మీదే మొదలుపెట్టి దుంగల మీదే ముగించాలి, నేలకి దించాక స్పానర్ ముట్టకూడదు. నాకు సిగ్గేసింది.

అక్కడే వదిలేసి వెళ్ళే వీలు లేదు. తోస్తే షాకిల్ ఊడేలా ఉంది. మంచు దిగుతోంది, పైనుంచి వచ్చే బస్సుకి ఆ మలుపులో మేం కనబడం. డిక్కీలో రెండో జత, జాకీ, దుంగలు ఉన్నాయి. ఆడవాళ్ళని దించి, జాకీతో ఎత్తి, దుంగలు పేర్చి, సబ్బునీళ్ళు రాసి లింగన్న కొత్త బుష్‌లు చకచకా ఎక్కించాడు. పక్కనుంచి చెయ్యి పెడితే ఆ పని అయిపోతుంది. నేలకి దించాక లోపలి నట్లు బిగించాలంటే మాత్రం వెనక చక్రాల మధ్యకి ఒళ్ళంతా దూర్చాలి. అక్కడికి వచ్చేసరికి అతని చేతులు ఆగిపోయాయి.

స్పానర్ ఇటియ్యి, నేను దూరతాను అన్నాను. ఒప్పుకోలేదు. "మీరు బ్రేకు తొక్కి కూకోండి మేడమ్. కాలు మాత్రం తియ్యకండి," అన్నాడు.

మిగతా కొండంతా నిండు బండితోనే ఎక్కాలి కాబట్టి ఆ బరువు మీదే బిగించాలి, అందుకు ఆడవాళ్ళు మళ్ళీ ఎక్కాలి. బండి జారితే మీకూ ప్రమాదమేనని వాళ్ళకి విడమరిచి చెప్పాను. "మాం దిగిపోతే ఆడి పనెలగవుతాది? నువ్వు గట్టిగా తొక్కమ్మా," అంది సుక్రి. బండిని నేలకి దించి చక్రాలకి మళ్ళీ రాళ్ళు పెట్టాక ముగ్గురూ ఎక్కారు, నేను బ్రేకు తొక్కి కూర్చున్నాను, లింగన్న కిందకి దూరాడు.

నాకు తెలిసి, లింగన్నకి చెప్పనిది ఒకటుంది. ఆ పాత డ్రమ్ బ్రేకులు ముందుకి పోయే బండిని పట్టినంత గట్టిగా వెనక్కి జారే బండిని పట్టవు. ఉద్యోగమంతా పెడల్ మీద కాలు వేసి నొక్కి చూసి, బాగుందనో బాగోలేదనో రాసినదాన్ని. ఆ కాలి కింద ఒక మనిషి ప్రాణం ఉండటం అదే మొదటిసారి. స్పానర్ ఒక్కో పట్టు తిరిగినప్పుడల్లా బండి కొద్దిగా కదిలేది. అది స్పానర్ వల్లో, బండి జారడం వల్లో తెలిసేది కాదు. రెండో కాలు కూడా పెడల్ మీద వేశాను. ఇంతలో పైనుంచి బస్సు హారన్ వినిపించింది. సుక్రి కిటికీలోంచి ఎర్ర కండువా బయటికి ఊపింది. బస్సు మా పక్కనుంచి నెమ్మదిగా దిగిపోయింది. రోడ్డు అదిరింది. కిందినుంచి ఏ చప్పుడూ లేదు. "లింగన్నా," అని పిలిచాను. బదులు రాలేదు. ఇంకోసారి పిలవడానికి భయమేసింది. తర్వాత స్పానర్ మళ్ళీ తిరిగింది.

పనయ్యాక అతను బయటికొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఒళ్ళంతా బురద. ఇంక తియ్యండి మేడమ్ అన్నాడు. నా కాళ్ళు వెంటనే రాలేదు. అతనే తలుపు తీసి, చెయ్యి పట్టి దించాడు.

అదే బరువుతో అరకు దాకా ఎక్కాం. బండి ఊగలేదు. సంత దగ్గర ఆడవాళ్ళని దించి, ఆఫీసులో ఎఫ్.సి. మీద సంతకం పెట్టాను.

ఒకరి పద్ధతి తప్పని చెప్పడం నాలాంటి ఇన్‌స్పెక్టర్‌కి తేలిక. ఆ పద్ధతి ఏ చావు వల్ల పుట్టిందో ముందు అడగాలి. దాన్ని మానుకోమంటే, వాళ్ళ భయానికి మనం పూచీ పడాలి. ఆ రోజు తర్వాత ఎవరినైనా నేలకి దించి బిగించుకోమన్నప్పుడు, వాళ్ళు బండి కింద ఉన్నంతసేపూ డ్రైవరు సీట్లో నేను కూర్చునేదాన్ని. రూల్ బుక్‌లో ఇది లేదు. రిటైరయ్యేదాకా అలాగే చేశాను.