మైకులో చెప్పించానని రాసిన కాగితం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. శ్రీకాకుళం జిల్లాలో ఒక సముద్రపు ఒడ్డు ఊరి సచివాలయంలో మత్స్య సహాయకురాలిగా చేరి అప్పటికి రెండేళ్లు. నేను శృంగవరపుకోట దగ్గర చోళ్లు, నువ్వులు పండించే ఇంట్లో పుట్టినదాన్ని. సముద్రం గురించి తెలిసిందంతా ఉద్యోగంలో నేర్చుకున్నదే.

మా పనుల్లో ఒకటి డేంజర్ జోన్ నోటీసు. ఒడిశా తీరం నుంచి క్షిపణి ప్రయోగించే ముందు, సముద్రంలో ఫలానా మేర ఖాళీగా ఉండాలని వచ్చే హెచ్చరిక అది. అందగానే మైకులో చెప్పించాలి. బోటు యజమానులందరి చేతా రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించాలి.

ఆ రోజు మా పిన్ని కూతురి నిశ్చితార్థం. బస్సు ఎక్కబోతుంటే నోటీసు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఉన్నట్టే ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేసి వెళ్లిపోయాను.

మర్నాడు ఎర్రయ్య తాత బోటు ఆ మేరలోకి వెళ్లింది. ఆయనకు అరవై దాటాయి, బోటులో పనిచేసే ఐదుగురు కలాసీలతో వేట చేస్తాడు. గస్తీ ఓడ వాళ్లు వచ్చి, వల లాగే సమయం లేదని కోయించేసి, బోటును వెనక్కి తోలారు.

విచారణ మొదలైంది. మా అధికారి ఫోన్ చేశారు.

"మైకులో చెప్పించారా?"

"చెప్పించాను సార్."

"అయితే అదే రాసి పంపండి."

రాసి పంపాను. సంతకాల రిజిస్టర్ ఎవరూ అడగలేదు. హెచ్చరిక విని కూడా వెళ్లాడని ఎర్రయ్య తాత లైసెన్సు ఆపేశారు.

వారం తర్వాత ఆయన ఆ డేంజర్ జోన్ నోటీసు కాగితం పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు.

"అమా, ఇందులో ఏటి రాసున్నాదో సదివి సెప్పు."

చదివి, అక్షాంశాలూ రేఖాంశాలూ వివరించాను.

"ఇది ఎవులెవులికి పంపుతారు?"

"అన్ని దేశాల ఓడలకీ, విమానాలకీ తెలిసేలా పంపుతారు తాతా. క్షిపణి లేస్తే యుద్ధమనుకుని కంగారుపడకుండా, అణుబాంబులున్న పొరుగు దేశంతో ముందే చెప్పుకోవాలని ఒప్పందం కూడా ఉంది."

"మనకి పడనోళ్లకి కూడా సెప్తారా?"

"చెప్తారు."

ఆయన కాగితం మడత పెట్టాడు. "మైకులో సెప్పినావని రాసినావంట. నాకు గురుతు నేదు. ఇన్నాను కామోసు, మర్సిపోనాను కామోసు. మా ఇంటిది కూడా అదే అంతన్నాది, నీకు మతి తప్పిపోతన్నాదని."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నేను ఫైలు తిరగేస్తూ కూర్చున్నాను. ఆయన నాకు దండం పెట్టి మరీ వెళ్లాడు.

ఆ దండం నన్ను పది రోజులు అన్నం తిననివ్వలేదు. పదకొండో రోజు అధికారి దగ్గరకు వెళ్లి, మైకులో చెప్పించలేదని ఒప్పుకున్నాను. నాకు మెమో ఇచ్చారు, అంటే రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. లైసెన్సు తిరిగి వచ్చింది. కానీ అప్పటికే ఆయన కలాసీలు ఐదుగురూ గుజరాత్ బోట్లలో పనికి వెళ్లిపోయారు. ఆ ఏడాది ఆయన బోటు ఇసుక మీదే ఉండిపోయింది.

వాళ్లింటికి వెళ్లి, భార్య ఎదుటే చెప్పాను. "మీరు ఏదీ మరిచిపోలేదు తాతా. అసలు మైకులో చెప్పలేదు. నేనే అబద్ధం రాశాను."

ఎర్రయ్య తాత తన భార్య వైపు చూశాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"మరి ఆ దినం నేను అడిగితే నోరిప్పనేదేటి?"

గుమ్మం దిగి వచ్చేశాను.

కాగితం పంపినంత మాత్రాన హెచ్చరిక అందినట్టు కాదని ఆ ఏడాది తెలిసింది. పొరపాటుకు మెమో చాలునేమో కానీ, ఒక మనిషి తన మతి మీద తనే నమ్మకం పోగొట్టుకునేలా చేసినదానికి ఏ మెమో చాలదని కూడా తెలిసింది. ఇప్పుడు నోటీసు వస్తే మైకులో చెప్పించి, ఇల్లిల్లూ తిరిగి, ఎటు వెళ్లకూడదో వాళ్ల నోటితోనే చెప్పించుకుంటాను. ఎర్రయ్య తాత గుమ్మంలోనే నిలబడి వింటాడు, తిరిగి చెబుతాడు, వేలిముద్ర వేస్తాడు. కూర్చోమని మాత్రం అనడు.