ప్రమీలా మేడం భయాలు

మొన్న అబిడ్స్ సిగ్నల్ దగ్గర నా ఆటో పక్కన ఒక ట్రాలీ వచ్చి ఆగింది. నిండా ఎండుమిర్చి బస్తాలు. ఆ ఘాటు ముక్కులోకి ఎక్కగానే గొంతు మండి దగ్గు పట్టుకుంది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. డ్రైవరు వెనక్కి తిరిగి, "నీళ్లు గిన ఉన్నయా మేడం?" అని అడిగాడు. ఉన్నాయన్నాను గానీ సీసా మూత తిప్పలేకపోయాను. ఇన్నేళ్ళయినా మిర్చి ఘాటు తగిలిందంటే ఉస్మాన్‌గంజ్‌లో షట్టర్ మూసేసిన ఒక గోదాము కళ్ళ ముందుకొస్తుంది. అందులో బస్తా మీద కూర్చున్న మా ప్రమీలా మేడం కూడా.

ప్రమీలా మేడం చార్టర్డ్ అకౌంటెంట్. బేగం బజార్‌లో వ్యాపారం చేసుకునే కుటుంబంలో పుట్టి, ఆ ఇంట్లో పెద్ద చదువు చదివిన మొదటి ఆడపిల్ల. పెళ్ళి చేసుకోలేదు. అక్కతో కలిసి నాంపల్లిలో ఉండేవారు. అబిడ్స్‌లో ఒక పాత భవనం రెండో అంతస్తులో ఆఫీసు. నేను ఎం.కామ్. పూర్తిచేసి ఆమె దగ్గర శిక్షణకు చేరాను. సి.ఏ. కావాలంటే పరీక్షలు రాయడంతోపాటు ఇలా ఒకరి దగ్గర కొన్నేళ్ళు పని నేర్చుకోవాలి. ఆఫీసులో అందరికీ ఆవిడంటే హడల్. తప్పు కనబడితే అరిచేవారు కాదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఇది ఎవరు చూసిన్రు?" అని మెల్లగా అడిగేవారు. ఆ మెల్లదనానికే మేము కుర్చీల్లోంచి లేచి నిలబడేవాళ్ళం. ఆవిడకు కొన్ని వింత అలవాట్లు ఉండేవి. సాయంత్రం తాళం వేశాక మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి తాళాన్ని లాగి చూసేవారు. లిఫ్ట్ ఎక్కేవారు కాదు. ఎక్కడికి వెళ్ళినా ముందుగా అక్కకు ఫోన్ చేసి, "నేను ఫలానా కాడికి పోతున్న" అని చెప్పేవారు. మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం. వయసు మీద పడ్డ చాదస్తం అనుకున్నాం.

నాకున్న భయం మాత్రం ఎవరికీ తెలియకుండా దాచుకున్నాను. సి.ఏ. ఫైనల్ మొదటి పేపరు రోజు అది బయటపడింది. ప్రశ్నపత్రం చేతికిచ్చారు. చదివాను, ఒక్క వాక్యం తలకెక్కలేదు. అక్షరాలు కనబడుతున్నాయి, అర్థం మాత్రం లేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అరచేతి చెమటకు కాగితం తడిసింది. చచ్చిపోతానేమో అనిపించింది, నిజంగానే. బయటికి వెళ్ళనిచ్చే వేళ కాగానే ఖాళీ జవాబుపత్రం ఇచ్చేసి వచ్చేశాను. ఇంటికి వెళ్ళి అమ్మానాన్నల మొహం చూడలేక నాంపల్లి స్టేషన్‌లో ఒక బెంచీ మీద కూర్చున్నాను. వచ్చేపోయే రైళ్ళ చప్పుడుకి కూడా ఉలిక్కిపడుతూ.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, మానేస్తానని మేడంతో చెప్పాను. పరీక్షలు నా వల్ల కావన్నాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. కళ్ళద్దాలు కూడా తీయలేదు.

"మానేస్తె మానెయ్. రేపొద్దున ఉస్మాన్‌గంజ్‌ల స్టాకు చూసేదుంది. నాతోని ఎవరూ లేరు. అది చూసి మానెయ్," అన్నారు.

ఆ గోదాము ఒక మిర్చి వ్యాపారిది. అందులో ఉన్న సరుకు చూపించి అతను బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. లెక్కల్లో రాసినంత సరుకు నిజంగా ఉందో లేదో మేము చూసి చెప్పాలి. లోపలికి అడుగు పెట్టగానే ఘాటుకు ఊపిరి ఆడలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మేడం, చున్నీ చుట్టుకుని నేను, దగ్గుతూ తుమ్ముతూ బస్తాల వరసలు చూసుకుంటూ వెళ్ళాం. కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఆ వ్యాపారి, సేఠ్, మా పక్కనే నడుస్తూ, "అంత బరాబర్ ఉన్నది మేడం, మీరు ఫికర్ చెయ్యకున్రి," అంటున్నాడు. వెనక గోడ దాకా వెళ్ళి తిరిగి వచ్చాం. లెక్క సరిపోయింది.

కానీ నాకు లోపల ఏదో గుబులు. పరీక్ష హాల్లో వచ్చినటువంటిదే, కడుపులో చెయ్యి పెట్టి మెలిపెట్టినట్టు. మేడం నా మొహం చూశారు.

"ఏందమ్మా వాణీ?"

"ఏం లేదు మేడం. ఊరికే భయంగా ఉంది."

"ఊరికెనే భయం కాదు. దేనికైందో చెప్పు."

ఆలోచించాను. అప్పుడు తట్టింది. "వెనక వరసల దగ్గర నాకు దగ్గు రాలేదు మేడం."

మేడం ఒక్క క్షణం నన్నే చూసి, వెనక్కి తిరిగి నడిచారు. వెనక వరసలో ఒక బస్తా కిందికి దించి కుట్టు విప్పమన్నారు. సేఠ్ వద్దన్నాడు, సరుకు పాడవుతుందన్నాడు. మేడం తన బ్యాగులోంచి చిన్న కత్తెర తీసి ఆవిడే కోశారు. వరి ఊక జారి ఆవిడ చెప్పుల మీద పడింది. ఇంకో బస్తా కోశారు. అందులోనూ ఊకే.

సేఠ్ గుమ్మం దగ్గరున్న తన మనిషి వైపు చూశాడు. షట్టర్ గడగడమంటూ కిందికి దిగింది. పైన ఉన్న చిన్న వెంటిలేటర్‌లోంచి వచ్చే వెలుతురు తప్ప అంతా చీకటి.

"కూసోండ్రి మేడం. చాయ్ తెప్పిస్త," అన్నాడు సేఠ్, అదే గొంతుతో. "రెండు నెలల్ల సరుకు నింపుత. గీ ఒక్కసారి సంతకం పెట్టిపోన్రి. మీ ఆఫీసు ఏడుందో, ఇల్లు ఏడుందో నాకు తెల్వదా? మన మధ్యల లొల్లి ఎందుకు?"

నేను వెనక్కి జరిగి బస్తాల వరసకు ఆనుకున్నాను. మేడం మాత్రం అక్కడున్న బస్తా మీద కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నారు.

"నేను చూసింది రాస్త. చూడంది రాయను. షట్టర్ తియ్యి, పిల్లకు దమ్ము ఆడుతలేదు."

"తీస్త. సంతకం అయినంక."

ఆ చీకట్లో అలాగే ఉండిపోయాం. ఎంతసేపో చెప్పలేను. నా ఊపిరి నాకే వినబడుతోంది. అప్పుడు మేడం ఒళ్ళోని బ్యాగులో ఫోన్ మోగింది. సేఠ్ అటు చూశాడు. మేడం ఫోన్ తీయలేదు. అది మోగి మోగి ఆగింది. వెంటనే మళ్ళీ మోగింది.

"ఎత్తాల్నా, వద్దా? నువ్వే చెప్పు," అన్నారు మేడం. "నేను ఏడున్ననో వాళ్లకు తెలుసు. ఎత్తకపోతె ఈడికే వస్తరు."

అది మూడోసారి మోగడం మొదలుపెట్టాక సేఠ్ చెయ్యి ఊపాడు. షట్టర్ పైకి లేచింది. ఎండలోకి వచ్చి పడ్డాం.

ఆటో ఎక్కి అబిడ్స్ వచ్చేశాం. ఆఫీసు కింద ఉన్న ఇరానీ హోటల్లో కూర్చున్నాక మేడం కప్పు ఎత్తబోయారు. చాయ్ సగం సాసర్‌లో ఒలికిపోయింది. ఆవిడ పెదాలు తెల్లబడి ఉన్నాయి. నేను అంతవరకూ ఆవిడకు భయమే లేదనుకున్నాను.

"ఫోన్ ఎవరు మేడం?" అన్నాను.

"మా అక్క. ఏ గోదాముకు పోయినా చెప్పిపోత గదా. ఒంటిగంటకు చేస్తది. నేను ఎత్తేదాంక చేస్తనే ఉంటది." సాసర్‌లోని చాయ్ తాగి, మళ్ళీ అన్నారు. "నాకు చిన్నప్పటిసంది అన్నిటికీ భయమే వాణీ. తాళం, చీకటి, మనుషులు. పోగొట్టుకుందామని మస్తు చూసిన, పోలె. ఇగ దానికి పని చెప్పుడు మొదలువెట్టిన. తాళం చూసిరమ్మంట. అక్కకు ఫోన్ చెయ్యమంట. ఊకె కూసుంటె అది మనల్ని తింటది. నీ భయం ఇయ్యాల ఊక బస్తాలు పట్టింది. పరీక్షల గూడ దానికేదన్న పని చెప్పు."

ఉన్నది ఉన్నట్టు మేడం నివేదిక రాసి బ్యాంకుకు పంపించారు. సేఠ్ తన లెక్కలు మా దగ్గర్నుంచి తీసేసుకున్నాడు, ఆ పార్టీ పోయింది. దాని వెనకే ఆ వీధిలో ఇంకొన్ని పార్టీలూ పోయాయి. ఒకరోజు ఆఫీసు బోర్డు పగిలి మెట్ల మీద పడి ఉంది. ఇంట్లో తెలిసి నాన్న గాభరాపడ్డారు. కోస్తా నుంచి ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి, ఎవరి జోలికీ పోకుండా బతికిన మనిషి ఆయన. "మనకెందుకమ్మా ఈ గొడవలు? ఇంకెక్కడైనా చేరు," అన్నారు. నాకూ ఆ ఆఫీసుకు వెళ్ళాలని లేదు. అయినా మర్నాడు వెళ్ళాను. మెట్ల ముందు వీధిలో మేడం నిలబడి ఉన్నారు. ఆ తరవాత రోజూ అక్కడే ఉండేవారు. చీకటి మెట్లు నేను ఒంటరిగా ఎక్కకూడదని కాచుకున్నారనుకుని, "నా కోసం మీరెందుకు మేడం ఎండలో," అన్నాను ఒకసారి.

"నీ కోసమా?" అన్నారావిడ. "నువ్వు రాంది నేను ఎక్కలేను బేటా."

ఆ మాటతో నాలో ఏదో నిలబడింది. మళ్ళీ పరీక్షకు కట్టాను. నాంపల్లిలో అదే కేంద్రం. ప్రశ్నపత్రం రాగానే అదే చెమట, అదే గుండె దడ. కాగితం బోర్లా పెట్టేశాను. హాల్ టికెట్ నంబరు అంకె అంకె సరిచూడమని నా భయానికి చెప్పాను. చూసింది. మార్జిన్లు గీయమన్నాను. గీసింది. తరవాత ప్రశ్నలు ఒక్కొక్కటే చదివి, వచ్చినదాని పక్కన చుక్క పెట్టమన్నాను. ఆ చుక్కలు పెడుతూ పెడుతూ రాయడం మొదలుపెట్టేశాను. వణుకు చివరిదాకా ఉంది. ఫైనల్‌లోని రెండు గ్రూపుల్లో ఆ ఏడు ఒకటి, మరుసటి ఏడు రెండోదీ గట్టెక్కాను.

ఫలితం చెప్పడానికి మిఠాయి పట్టుకుని వెళ్ళాను. మేడం ఒక ముక్క నోట్లో వేసుకుని నన్ను ఎగాదిగా చూశారు.

"ఇన్నొద్దులు నీ తప్పులకు నా సంతకం అడ్డం ఉండె. ఇగ సంతకం నీది. అసలు భయం ఇప్పుడు మొదలైతది. మంచిగ చూసుకో దాన్ని."

పోయిన వానాకాలంలో మేడం చనిపోయారు. బషీర్‌బాగ్‌లో ఇప్పుడు నాకో చిన్న ఆఫీసు ఉంది. ఫైలు చివరి పేజీకి వచ్చి సంతకానికి పెన్ను తీశానంటే కడుపులో ఆ మెలి మొదలవుతుంది. దాన్ని కాసేపు మాట్లాడనిస్తాను. చూడనిది ఏదైనా ఉంటే అదే చెబుతుంది, వెనక్కి వెళ్ళి చూసి వస్తాను. ఎప్పుడో ఒకసారి, బాగా అలసిపోయిన రోజున, అది రాదు. చెయ్యి నిబ్బరంగా ఉంటుంది. అలాంటి రోజున సంతకం పెట్టకుండా పెన్ను మూసి, ఫైలు పక్కన పెట్టి, ఇంటికి వెళ్ళిపోతాను.