హాస్టల్ కిటికీలో చక్కెర

మనవరాలికి పెనుకొండ కాలేజీలో సీటొచ్చింది. ప్రపంచయుద్ధ కాలంలో దాని హాస్టల్ భవనం సైనికుల ఆసుపత్రి అనీ, ఎందరో అక్కడే చనిపోయారనీ విని, సీటు వద్దని చెప్పడానికే తెనాలి నుంచి వెళ్లాను.

హాస్టల్ వరండాలో షబానా అనే విద్యార్థిని కిటికీ గట్టు మీద చక్కెర, బొరుగులు పెడుతోంది.

"ఇక్కడ భయం వేయదా అమ్మా?" అన్నాను.

"ఏం తాతా, దెయ్యాలను చూసేకి వచ్చినావా?" అని నవ్వింది. "ఈడ సచ్చినోళ్లు మా ఈడు పిల్లోళ్లే. పరీక్ష పాసైతే వాళ్ల పేరుతో దువా చేసి చక్కెర సదివిస్తాం, అందరికీ పంచుతాం. చదువుకునే రాత వాళ్లకు లేకపాయ గదా!"

నా దోసిట్లోనూ చక్కెర పోసింది. ఆ సైనికుల వయసెంతో నేనొక్కసారీ ఆలోచించలేదు. తలవంచుకుని తిన్నాను. సీటు వద్దన్న మాట ఎత్తలేదు.

"దెయ్యాలున్నాయా తాతయ్యా?" అంది మనవరాలు ఫోన్‌లో.

"నీ ఈడు పిల్లలున్నారమ్మా," అన్నాను.