పుచ్చని పళ్ళు

ఇంటర్ మొదటి సంవత్సరంలో అమ్మ నన్ను వినుకొండ నుంచి నరసరావుపేట పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నా పై పళ్ళు కాస్త ఎత్తుగా ఉండేవి. నాకు దాంతో పేచీ లేదు, అమ్మకే ఉండేది. డాక్టరు ఎక్స్‌రే తీయించి, నన్ను బయట కూర్చోమని అమ్మతో మాట్లాడాడు. కాసేపటికి అమ్మ వచ్చి, "నాలుగు పళ్ళు పుచ్చినయ్యంట. తీసేసి తీగ కడతాడంట," అంది. చెప్పింది అమ్మ కదా, నమ్మాను.

తీగ విప్పాక పలువరస చక్కగా కుదిరింది. పెళ్ళిళ్ళలో అమ్మ నన్ను ముందుకు తోసి మరీ చూపించేది. నేనూ అద్దంలో చూసుకుని మురిసిపోయాను, అబద్ధమెందుకు.

ఆవలిస్తే చెవి ముందు టక్కుమనడం నాకు చిన్నప్పటి నుంచీ అప్పుడప్పుడూ ఉన్నదే. బీఈడీ చదివే రోజుల్లో అది ఎక్కువైంది. పొద్దున లేచేసరికి చెంపలు రాయిలా బిగిసి ఉండేవి. స్కూల్లో టీచరుగా చేరాక మధ్యాహ్నానికల్లా నొప్పి కణతల దాకా పాకేది. జొన్నరొట్టె మానేశాను. ఒకరోజు పాఠం చెబుతుంటే నోరు సగంలోనే ఆగిపోయింది. పిల్లలు నవ్వారు. నా మొహం చూసి ఊరుకున్నారు.

గుంటూరులో డాక్టరమ్మ దగ్గరికి అమ్మే తోడొచ్చింది. ఆవిడ నా చెంపల మీద వేళ్ళు ఆనించి పళ్ళు బిగించమంది. నమిలే కండరాలు బిగుసుకుపోయాయని, దవడ కీల్లో ఉండే మెత్తటి బిళ్ళ పక్కకు జారుతోందని చెప్పింది.

"ఈ పళ్ళు ఎందుకు తీయించారు?"

"పుచ్చాయండీ."

"పైనా కిందా, రెండు పక్కలా సరిగ్గా అదే పన్ను పుచ్చిందా?"

నేను అమ్మ వైపు చూశాను.

"పళ్ళు తీసినందుకే ఇలా అయిందని నేననను," అంది డాక్టరమ్మ. "తీయించుకున్నవాళ్ళలో చాలామందికి ఏమీ కాదు. మీ కీలు ముందే బాగున్నట్టు లేదు. అప్పుడెవరూ చెప్పలేదా?"

"చెప్పాడు," అంది అమ్మ, నేల చూస్తూ. "దవడ టక్కుమంటంది, ముందు దాన్ని గుంటూరులో చూపించుకు రండి, పళ్ళ సంగతి తర్వాత చూద్దామన్నాడు. చూపించకుండానే చూపించామని చెప్పా."

తిరుగు బస్సులో అడిగాను, "పళ్ళు పుచ్చినయ్యని ఎందుకు చెప్పావమ్మా?"

"నిజం చెబితే ఒప్పుకునేదానివా? ఎత్తుపళ్ళదని నన్ను ఎన్నెన్ని మాటలన్నారో నీకేం తెలుసే."

"నన్నొక మాట అడగొచ్చుగా."

"చిన్నపిల్లవి. నిన్ను అడిగేదేంది?"

గట్టిగా అరవాలనిపించింది. నోరు అంత తెరుచుకోదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

రాత్రిళ్ళు పళ్ళకు తొడుక్కునే పలక, వేడి కాపడం, నోటికి చిన్న చిన్న వ్యాయామాలు. కొన్ని నెలలకు నోరు బాగానే తెరుచుకుంది, నొప్పి తగ్గింది. చప్పుడు మాత్రం పోలేదు. అమ్మతో మాటలు కూడా మామూలుగానే సాగుతున్నాయి. నాకోసం అన్నం మెత్తగా వండుతుంది.

ఈమధ్య జ్వరమొస్తే నా రక్తపరీక్ష సంగతి అమ్మే కనుక్కుని వచ్చి, "ఏం లేదంట," అంది. ఊ కొట్టి గదిలోకి వెళ్ళి ల్యాబుకు ఫోన్ చేశాను. నిజంగానే ఏమీ లేదు. ఫోన్ పెట్టేసి చూస్తే, అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.